పదిహేడో నంబరు మన్ను

కళ్యాణదుర్గంలో మూతబడిన బుడ్డల మిషన్లో
కాటా పీకేసిన చోట ఇంక్యుబేటర్ పెట్టినాం.
బళ్ళారిలో ఏదో ఆసుపత్రి వేలమేసిన సరుకు.
తలుపు సరిగా పడదు.
వన్నూరప్ప సైకిల్ ట్యూబు కోసి
దాని నడుముకు పట్టీ కట్టినాడు.
అదీ మా పరిశోధనాలయం.

పన్నెండేళ్ళప్పుడు ఇదే గచ్చు మీద కూచొని
పుచ్చు బుడ్డలు ఏరేదాన్ని, మూటకింత కూలి.
కన్ను మోసపోతాది, బొటనవేలు మోసపోదు అనేది మాయమ్మ.
ఇప్పుడు అదే వేలితో
పెట్రిగిన్నె మూత లేపుతా, వెంట్రుకవాసి,
అంతకు మించి లేపితే గాలి లోపలికి దూరతాది.

జుబేదా మేడంకి మాట తక్కువ.
నూటరెండు చేన్ల మన్ను స్కూటీ డిక్కీలో తెచ్చింది,
అగ్గిపెట్టెల్లో, జర్దా డబ్బాల్లో,
ఒకటి పెండ్లి పత్రిక కవర్లో.
ప్రతిదాని మీదా ఊరు, చేను, ఆ యేటి వాన.
వాన గడి నింపేకి పెద్దగా ఇంకు పట్టలేదు.

హనుమక్క చేను ముదిగల్లు దారిలో.
చుట్టూ పైరంతా వేరుకుళ్ళుకు తలకాయ వాల్చిన యేడు
ఆమె చేన్లో ఒక మూల, మంచమంత మేర,
పచ్చగా నిలబడింది.
ఏం యేసినావక్కా?
"ఏమీ యేయలేదు మే. యేసేకి దుడ్లుంటే కదా."

ఆ మూల మన్ను మా పట్టీలో పదిహేడు.

నాలుగో దినం తెల్లారి తాళం తీస్తే
గది నిండా వాన.
బయట మే నెల, రేకులు ఇంకా చల్లారలేదు.
లోపల, గాజు కింద,
రూపాయి బిళ్ళంత తెల్లటి సుద్దపొడి
తొలకరి నాటి ఎర్రమన్ను ఊపిరి విడుస్తా ఉంది.
వన్నూరప్ప బయటికి ఉరికి మొగులు చూసొచ్చినాడు.
మేడం నవ్వింది, ఆ యేట్లో అదే మొదలు.
"వాన వాసన అని మనం అనుకునేది
వానది కాదప్పా, మన్నులో బతికే దీనిది."
మా తాతలు ముక్కుతో ఎరిగిన చుట్టానికి
ఇన్నాళ్ళకు ఒక ఒళ్ళు కనపడింది.

తర్వాత అంతా బిరాన జరిగింది, లేదా నాకట్ల తోచింది.
యాభై లీటర్ల తొట్టి.
అనంతపురం నుంచి కాలేజీ పిల్లలు,
తెల్లకోటు జేబుల్లో వేయించిన చెనిక్కాయలు.
ధర్మవరం తొగటోళ్ళ పిల్ల చౌడేశ్వరి వచ్చింది,
తెగిన పోగు అతికిన వేళ్ళకు
పిపెట్ ఒక లెక్కా?
ఆనక రోడ్డు పక్కన అద్దాల మేడ,
ఐదువేల లీటర్ల ఉక్కు తొట్టి, లోపల తిరిగే రెక్క,
దాని జ్వరం కనిపెట్టుకోని రాత్రంతా నేను.
బాలింత పక్కన కూడా ఇంత మేలుకోని ఉండలేదు.

మా వీధికి మూడు దినాలకొక తూరి కొళాయి.
తొట్టికి దినామూ ట్యాంకరు.
ఈ మాట ఎవరితోనూ అనలేదు.
లాగ్‌బుక్‌లో ఉష్ణోగ్రత పక్కన
సన్నగా, పెన్సిల్‌తో రాసి పెట్టినా.

రిబ్బన్ కోసిన నాడు హనుమక్క రాలేదు.
మరుసటి వారం వచ్చింది.
వద్దన్నా చెప్పులు బయటే విడిచింది.
పాకెట్ చేతిలో పెట్టినా, రెండొందల నలభై వెల.
తిప్పి తిప్పి చూసింది.
"నా చేను పేరు యాడుంది?"
లేదక్కా. నంబరుంది.
"నంబరు బోరుకూ ఏసిపోయినారు. అదీ ఎండిపాయ."
మేడం వాటా అని, ఒప్పందం అని, కాగితాలు నడస్తా ఉండాయని
ఏదో మొదలుపెట్టి
మధ్యలో నిలిపేసింది.

హనుమక్క పాకెట్ మూల పంటితో కొరికింది.
ముక్కు కాడ పెట్టుకొని
కండ్లు మూసింది.
శానా సేపు.

"నాదే" అన్యాది.

మళ్ళా బొడ్లో సంచి తీసి
నోట్లు, చిల్లర బల్ల మీద పోసి లెక్కపెట్టింది.
ఇరవై తక్కువైంది.
గేటు కాడ ట్యాంకరు హారన్ కొడతా ఉంది.